ఒరలో దాగిన మొగ్గ

కత్తికి ఒర ఉంటుందని మీకు తెలుసు. పువ్వుకు కూడా ఒర ఉంటుందంటే నమ్ముతారా?

కాట్లేయా అనే ఆర్కిడ్ మొక్క ఉన్నది. దీని పుట్టిల్లు మధ్య, దక్షిణ అమెరికా అడవులు. 1818లో విలియం స్వెయిన్సన్ అనే ఆయన బ్రెజిల్ నుంచి ఈ జాతి మొక్కలను ఇంగ్లండుకు పంపాడు. అక్కడ వాటిని పెంచిన విలియం కాట్లీ పేరే దీనికి పెట్టారు.

ఈ మొక్క పువ్వు కోసం ఎంతో ఓపిక పట్టాలి. విత్తనం మొలిచాక తొలిపువ్వు కనబడటానికి సాధారణంగా అయిదారేళ్ళు, ఒక్కొక్కప్పుడు అంతకన్న ఎక్కువే పడుతుంది. ఆ తరవాత కూడా ఒక్కొక్క కాడ సాధారణంగా ఒక్కసారే పూస్తుంది. మొగ్గ కుళ్ళిపోయిందా, కొత్త కాడ ఎదిగేదాకా ఆగవలసిందే!

అందుకే కాబోలు, చాలా కాట్లేయాలలో ఆకు మొదట ఒక ఆకుపచ్చని ఒర పుడుతుంది. లేత మొగ్గలు అందులో దాగి పెరుగుతాయి. ఒర వెనక టార్చిలైటు పట్టి చూస్తే మొగ్గల నీడ కనబడుతుంది.

కాని, కాపాడవలసిన ఒరే ఒక్కొక్కప్పుడు మొగ్గకు ముప్పు తెస్తుంది. ఎలాగంటారా? వేడి అన్నం గిన్నె మీది మూత తీసి చూడండి. లోపల నీటిబొట్లు ఉంటాయి. పగటి వేడి పోయి రాత్రి చల్లబడినప్పుడు ఒర లోపల కూడా అలాగే చెమ్మ పట్టవచ్చు. ఆ తడి ఆరకపోతే గాలిలో తేలివచ్చే బూజు బీజాలు మొలుస్తాయి, బాక్టీరియా పెరుగుతుంది. మొగ్గ నల్లబడి, మెత్తబడి, కుళ్ళిపోతుంది.

అడవిలో ఈ మొక్క చెట్టుకొమ్మల మీద ఉంటుంది. వాన వెలిసిన కాసేపటికే గాలి దాన్ని ఆరబెడుతుంది. ఇంట్లో ఆ గాలి పని మనం చెయ్యాలి.

నీళ్ళు పొద్దున్నే పోయండి, సాయంత్రానికి ఆరిపోతాయి. మొగ్గల మీద, ఒర మీద పోయకండి. కుండీలను ఒకదానికొకటి తగిలేట్టు పెట్టక, గాలి ఆడనివ్వండి. ఒర పసుపు రంగుకు తిరిగి, లోపల చెమ్మ కనబడితే, పెద్దవాళ్ళ చేత దాని కొసను జాగ్రత్తగా చీల్పించండి. బ్లేడును ముందుగా మంటలో కాల్చి చల్లార్చాలి. లేకుంటే ఒక మొక్క జబ్బు మరొక దానికి అంటుకుంటుంది. కుళ్ళిన మొగ్గ కనబడితే వెంటనే తీసి దూరంగా పారెయ్యాలి.

చూశారా! మొగ్గను కాపాడటానికి మందుల కన్న ముందు కావలసింది కాస్త గాలి, కాస్త శ్రద్ధ. మీ పెరట్లో ఆర్కిడ్ లేకపోయినా ఫరవాలేదు. రేపు గులాబికి నీళ్ళు పోసేటప్పుడు మొగ్గల మీద కాక, మొదట్లో పోసి చూడండి.