సముద్రపు వేడికీ మన చెరువుకూ ఏమిటి సంబంధం?

కార్తీకం వచ్చిందంటే సత్యవేడు, తడ, సూళ్లూరుపేట ప్రాంతాల రైతుల చూపు తూర్పు ఆకాశం మీదనే ఉంటుంది. చెన్నై నగరానికైనా, ఈ సరిహద్దు పల్లెలకైనా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వీచే ఈశాన్య రుతుపవనాలే ప్రధాన ఆధారం. ఆ వాన చాలకపోతే చెరువు నిండదు. హద్దు మీరితే పిచ్చాటూరు వద్ద అరణియార్ జలాశయం నిండి, విడిచిన నీరు రాష్ట్రం దాటి తమిళనాడు పల్లెల మీదికి పోతుంది. ఈ లేమికీ ఆ ముంపుకూ గల కారణాలలో ఒకటి బంగాళాఖాతపు పైపొర నీటి వేడి. దానినే సముద్ర ఉపరితల ఉష్ణోగ్రత అంటారు.

కొలిచేది ఎలా?

పూర్వం ఓడలవారు బకెట్టుతో నీరు తోడి అందులో ఉష్ణమాపకం ముంచి చూసేవారు. ఓడ పోయే దారిలో తప్ప మిగిలిన సముద్రం సంగతి తెలిసేది కాదు. నేడు ఉపగ్రహాలు నీటి నుంచి వెలువడే వేడి కిరణాలను పసిగట్టి విశాలమైన సముద్రాన్ని ఒకేసారి కొలుస్తున్నాయి. అయితే ఈ కిరణాలను మేఘాలు అడ్డగిస్తాయి. తుఫాను ముంచుకొచ్చే వేళ, అంటే సమాచారం అత్యవసరమైన వేళనే, ఆకాశమంతా మబ్బు కమ్మి ఉంటుంది.

ఆ లోటు తీర్చేవి బోయ్‌లు. ఇవి నడిసముద్రంలో లంగరు వేసి నిలిపిన తేలియాడే యంత్రాలు. చెన్నైలోని పళ్లికరణైలో 1993లో ఏర్పడిన జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వీటిని నిర్వహిస్తున్నది. కొన్ని బోయ్‌లు పైపొరనే కాక 500 మీటర్ల లోతు వరకు నీటి వేడిని కొలిచి, ఉపగ్రహం ద్వారా ఒడ్డుకు పంపుతాయి.

అంకెను చదవడం ఎలా?

ఒక్క అంకెను చూసి సముద్రం వేడెక్కిందని చెప్పరాదు. చెన్నై తీరాన మే నెలలో 29 డిగ్రీలు వింత కాదు. జనవరిలో అదే 29 డిగ్రీలు గమనించదగిన విషయం. అందువల్ల శాస్త్రజ్ఞులు ఆ చోట, ఆ నెలకు ముప్పై ఏళ్ల సగటు తీసి, దానితో పోల్చి తేడాను చూస్తారు. దీర్ఘకాలపు లెక్క కూడా ఉన్నది: 1951 నుంచి 2015 వరకు హిందూ మహాసముద్రపు ఉష్ణమండల భాగం సగటున ఒక డిగ్రీ వేడెక్కింది.

వేడికీ వానకూ సంబంధం

నీరు వేడెక్కినకొద్దీ ఆవిరి పెరుగుతుంది. సుమారు 26.5 డిగ్రీలు దాటిన నీరు తుఫానుకు మేత వంటిది. బంగాళాఖాతానికి మరొక ప్రత్యేకత ఉన్నది. గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి వంటి నదులు తెచ్చే మంచినీరు తేలికైనది కనుక పైననే నిలుస్తుంది. కింది చల్లని ఉప్పునీటితో సులభంగా కలవదు. అందువల్ల వేడి పైపొరలోనే ఉండిపోతుంది.

దూరపు సముద్రాల ప్రభావమూ తక్కువ కాదు. పసిఫిక్ మధ్య, తూర్పు భాగాలు వేడెక్కే ఎల్ నినో ఏడాదులలో నైరుతి మందగించినా, ఈశాన్య రుతుపవనాలు తరచు బలపడతాయి. 2015 అటువంటి ఏడాది. ఆ డిసెంబరు 2 ఉదయానికి ముగిసిన 24 గంటలలో తాంబరంలో 49 సెంటీమీటర్ల వాన పడి చెన్నై మునిగింది.

దీనికి ఎదురు తార్కాణం 2021. అది పసిఫిక్ చల్లబడిన లా నినా ఏడాది. లెక్క ప్రకారం వాన తగ్గాలి. కాని నవంబరులో తిరుపతి జలమయమైంది. 19వ తేదీన కడప జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. పొయ్యి మీద ఎసరు కాగినంత మాత్రాన అన్నం కాదు, బియ్యమూ పడాలి. సముద్రపు వేడి ఎసరు వంటిది. గాలుల తీరు, అల్పపీడనం నడిచే దారి కూడా కలిసిరావాలి. అందువల్ల ఏడాది సూచన ఎలా ఉన్నా రోజువారీ హెచ్చరికను విడువరాదు.

బోయ్ జోలికి పోవద్దు

చేపల వేటకూ ఈ సమాచారమే ఆధారం. వేడి, చల్లని నీళ్లు కలిసే అంచుల వద్ద చేపల మేత పోగవుతుంది. ఉపగ్రహాలు చూపే ఉష్ణోగ్రతను, నీటి రంగును బట్టి హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ చేపలు దొరికే చోట్లను తెలుగులోనూ తెలియజేస్తున్నది.

బోయ్ నీడన కూడా చేపలు చేరుతాయి. ఆ ఆశతో దానికి పడవ కట్టినా, చుట్టూ వల వేసినా తీగలు తెగి పరికరాలు పాడవుతాయి. ఒక్క బోయ్ మూగబోతే, మబ్బు కమ్మిన రోజున ఆ మేర సముద్రం కంటికి కనపడకుండా పోతుంది. ఆ నష్టం ముందుగా తగిలేది వేటకు పోయినవారికే.

ఊరిలో ఉన్నవారికీ ఒక పని ఉన్నది. బంగాళాఖాతం సాధారణం కంటే వేడిగా ఉన్నదని సెప్టెంబరులో వింటే, అక్టోబరు రాకముందే చెరువు కట్ట, తూము, కలుజు ఒకసారి చూసుకోవాలి. వాన రాకపోయినా ఆ శ్రమ వృథా కాదు.