కుళ్లే వస్తువులతో కళ.. ఉద్దానంలో చేస్తే ఓ జాగ్రత్త!

మంచు, పూలు, చెట్టు మొద్దులు.. పాడైపోయే వాటితోనే కొందరు కళాకారులు పర్యావరణ నష్టాన్ని చూపిస్తారు. 2015లో ప్యారిస్ వాతావరణ సదస్సు సమయంలో ఒలాఫుర్ ఎలియాసన్ 12 గ్రీన్‌లాండ్ మంచుదిమ్మలను నగరం మధ్యలో పెట్టి కరగనిచ్చారు. జనం చేత్తో తాకి చూడాలన్నదే ఉద్దేశం.

మన ఉద్దానానికి అలాంటి గుర్తు.. కూలిన కొబ్బరి చెట్టు. 2018 అక్టోబర్ 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటలను కూల్చేసింది. కానీ ఇక్కడో చిక్కుంది. కుళ్లే మొద్దులో కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది. పెద్దదయ్యాక బతికున్న చెట్ల మొవ్వును తొలిచేస్తుంది. అంటే కళ పేరుతో మొద్దును తోటలోనే కుళ్లనిస్తే రైతుకు మళ్లీ దెబ్బే. అందుకే బొమ్మ చెక్కాలంటే మొద్దును ముందే కోసి బాగా ఆరబెట్టాలి. మిగతా మొద్దులను తోటలోంచి తీసేయాలి.