బొర్రా గుహలో బెత్తెడు రాయి

మా సింహాచలంలో కాపురం ఉన్నవాళ్లకు కొండలు కొత్తకావు. వీధి తలుపు తీస్తే ఎదురుగా కొండే. అయినా ఈ సెలవుల్లో మా అమ్మాయి బొర్రా గుహలు చూడవలసిందేనని పట్టుపట్టింది. ప్రయాణానికి ముందురోజు నా పుస్తకాల బీరువాలోంచి ఒక తెల్లని రాతిముక్క తీసి, "ఇదెక్కడిది నాన్నగారూ?" అని అడిగింది.

నిజం చెప్పక తప్పలేదు. ఇంటర్మీడియెట్ చదివే రోజుల్లో విహారయాత్రకు వెళ్లి, ఆ గుహ కప్పు నుంచి ఊడలా వేలాడుతున్న రాయిని స్నేహితుల ముందు గొప్పకోసం పుటుక్కున విరిచాను. అదే ఇది. బెత్తెడుంటుంది. అమ్మాయి ఏమీ అనకుండా దాన్ని రుమాలులో చుట్టి సంచిలో పెట్టుకుంది.

కొత్తవలస దగ్గర చీలిన రైలుదారి శృంగవరపుకోట దాటాక కొండ ఎక్కుతుంది. బైలడిల్లా ఇనుపరాయిని విశాఖ రేవుకు చేర్చడానికి 1960ల్లో వేసిన దారి ఇది. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలోని పిల్లలంతా ఒక్కసారి కేక పెడతారు. ఒక పక్క లోయ, ఒక పక్క జలపాతం. బొర్రాలో దిగి కాస్త నడిస్తే గుహ నోరు.

మా సింహాచలం కొండ ఖోండలైటు అనే గట్టి రాయి. తూర్పు కనుమల్లోని ఖోండు గిరిజనుల పేరే దానికి పెట్టారు. అది నీటికి కరగదు. బొర్రా దగ్గర మాత్రం సున్నపురాయి ఉంది. వాననీరు బొగ్గుపులుసు వాయువును కలుపుకుని ఆ రాతిని కరిగిస్తుంది. కరిగిన సున్నం బొట్టుబొట్టుగా జారుతూ కప్పుకు ఊడలుగానూ, నేలమీద పుట్టలుగానూ పేరుకుంటుంది. వెయ్యేళ్లకు బెత్తెడు పెరిగితే గొప్పే!

గుహ పుట్టుకకు స్థానికులు చెప్పుకునే కథ వేరు. మేస్తున్న ఆవు ఒకటి కప్పులోని కన్నంలోంచి లోపల పడిందట. వెతుక్కుంటూ దిగిన పశులకాపరికి ఆవు క్షేమంగా కనిపించింది, పక్కనే శివలింగం! ఇప్పటికీ మెట్లెక్కి ఆ లింగాన్ని దర్శించుకుంటారు. శివరాత్రికి జాతరే. పైన పొదుగులాంటి రాయి నుంచి నీళ్లు కారుతుంటాయి. గోస్తని అంటే ఆవు పొదుగనే కదా అర్థం! ఈ కొండల నీళ్లతో సాగే గోస్తనీ నది భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. దారిలో తాటిపూడి జలాశయం నుంచి విశాఖ నగరానికి తాగునీరు ఇస్తుంది.

లోపల రంగురంగుల దీపాలు. దారి చూపే పెద్దాయన టార్చి వేసి, "అదిగో శివపార్వతులు, అది తల్లీబిడ్డ, అది రుషి గడ్డం, అది మొసలి" అంటూ చూపించాడు. ఆయన చెప్పాక మరో ఆకారం కనిపించదు.

అమ్మాయి రుమాలు విప్పి, "తాతా, దీన్ని మళ్లీ అతికించవచ్చా?" అంది.

ఆయన రాయిని చూసి, నన్ను చూసి నవ్వాడు. "అతకదమ్మా. పట్టుకుపోయినోళ్లే గానీ తిరిగి తెచ్చినోళ్లు తక్కువ. చేత్తో తడిమినా చాలు, జిడ్డంటి అక్కడ పేరుకోదు."

నాకు తలెత్తలేదు. సింహాద్రినాథుని గుడిలోని పాత శాసనం కులోత్తుంగ చోళుని కాలానిది, 11వ శతాబ్ది చివరిది. దాని ముందు నిలబడి, "అక్షరం మీద వేలు పెట్టకండి, అరిగిపోతుంది" అని నా విద్యార్థులను మందలించేవాణ్ణి. శాసనమంత పాతదాన్ని నేనే ఒక్క క్షణంలో విరిచాను. మా స్వామికి చందనం ఏటా అక్షయ తృతీయకు ఒలిచి మళ్లీ పూస్తాం. ఈ రాతికి మళ్లీ పూసేవారెవరు?

పెద్దాయన చూపిన చోట, నీటిబొట్లు పడే గోడవారన అమ్మాయి ఆ ముక్కను ఉంచింది. మేం చూస్తుండగానే దానిమీద ఒక బొట్టు పడింది.

బొర్రా వెళ్లే మిత్రులకు నేను చెప్పేది ఒక్కటే. కళ్లారా చూడండి, పిల్లలకు కథలు చెప్పండి. చేతులు మాత్రం జేబులోనే ఉంచుకోండి. నా బీరువాలో ఆ చోటు ఖాళీగానే ఉంది, అలాగే ఉండనిస్తాను.