ప్యాకేజీల పొంతన

లినక్స్ ఆపరేటింగ్ సిస్టంలో సాఫ్ట్‌వేర్ సాధారణంగా ప్యాకేజీల రూపంలో లభిస్తుంది. ప్యాకేజీ అనగా ఒక ప్రోగ్రాముకు చెందిన ఫైళ్ళను, వాటి వివరాలను కూర్చిన కట్ట. ఆ ప్రోగ్రాము పని చేయడానికి మరి ఏ ప్యాకేజీలు, వాటిలో ఏ వెర్షన్లు ఉండాలో ఆ వివరాలే తెలుపుతాయి. ఈ ఆశ్రయ సంబంధాన్నే డిపెండెన్సీ అంటారు. పలు ప్రోగ్రాములకు అవసరమైన భాగాలను లైబ్రరీలుగా విడదీసి, అన్నింటికీ ఒకే ప్రతిని అందుబాటులో ఉంచడం ఈ ఏర్పాటులోని సొగసు. లైబ్రరీలోని ఒక దోషాన్ని సవరిస్తే దానిని ఆశ్రయించినవన్నీ బాగుపడతాయి.

చిక్కు కూడా ఇక్కడే పుడుతుంది. ఒకే లైబ్రరీకి ఒక ప్రోగ్రాము పాత వెర్షనును, మరొకటి కొత్తదానిని కోరవచ్చు. రెండింటికీ చోటు లేనప్పుడు ఏదో ఒకటి తప్పుకోక తప్పదు. వాక్యంలోని పదాలకు ఆకాంక్షతో పాటు యోగ్యత కూడా ఉండాలని మన శాస్త్రకారులు చెప్పారు. ‘నిప్పుతో తడుపుతున్నాడు’ అన్నప్పుడు ఆకాంక్ష తీరింది గాని యోగ్యత లేదు. ప్యాకేజీల సంగతీ అంతే. కోరిన లైబ్రరీ ఉంటే చాలదు, దాని వెర్షను పొసగాలి.

1993లో ఇయాన్ మర్డాక్ ప్రారంభించిన డెబియన్‌లో డీపీకేజీ అనే సాధనం ప్యాకేజీని స్థాపిస్తుంది. లేని ఆశ్రయాలను అది తెచ్చిపెట్టదు. వాటిని వెదకి తెచ్చే ఆప్ట్, 1999లో వెలువడిన డెబియన్ 2.1తో వాడుకలోకి వచ్చింది. అయితే కోరిన ప్యాకేజీకి అడ్డు వచ్చినవాటిని తొలగించడం కూడా ఆప్ట్ దృష్టిలో పరిష్కారమే.

దీని పర్యవసానం 2021లో లోకానికి తెలిసింది. కెనడాకు చెందిన యూట్యూబ్ వ్యాఖ్యాత లైనస్ సెబాస్టియన్ పాప్ ఓఎస్ అనే లినక్స్‌లో స్టీమ్ అనే ఆటల ప్రోగ్రామును స్థాపించబోయాడు. స్టీమ్ 32 బిట్ల ప్యాకేజీ. దానికి కావలసిన ఒక ప్యాకేజీ కొత్త వెర్షనుకు 32 బిట్ల రూపం ప్రచురితం కాలేదు. ఆప్ట్ పాత వెర్షనుకు దిగి, దానితో పొసగని డెస్క్‌టాప్ ప్యాకేజీలను తొలగిస్తానని జాబితా చూపింది, హెచ్చరించింది, ‘అవును, నేను చెప్పినట్లే చెయ్యి’ అని ఇంగ్లీషులో టైపు చేయమని కోరింది. అతడు చేశాడు. తెరపై డెస్క్‌టాప్ మాయమైంది. అటుపిమ్మట ఆప్ట్ రూపకర్తలు అత్యవసర ప్యాకేజీల తొలగింపును పరిష్కారంగా ఎంచుకోకుండా మార్పు చేశారు. ఆ మార్పు మంచిదే గాని, తక్కిన ప్యాకేజీల తొలగింపు జాబితాను చదివే బాధ్యత వాడుకరిదే.

విరోధం ఎదురైనప్పుడు మొదట ‘ఆప్ట్ అప్‌డేట్’తో ప్యాకేజీల సమాచారాన్ని తాజా చేయాలి. ‘ఆప్ట్ పాలసీ’ అన్న ఆదేశం ఒక ప్యాకేజీకి ఏ వెర్షన్లు ఏ రిపాజిటరీ నుండి లభిస్తున్నాయో చూపుతుంది. తరచుగా దోషి బయటి నుండి చేర్చిన రిపాజిటరీయే. దానిని ఆపి, ప్యాకేజీని అధికారిక వెర్షనుకు మరల్చితే ముడి విడిపోతుంది. ఎప్పుడో ‘హోల్డ్’లో ఉంచి మరచిన ప్యాకేజీ కూడా అడ్డుపడవచ్చు. ‘సిమ్యులేట్’ ఐచ్ఛికంతో ఏమి చేరునో, ఏమి తొలగునో ముందే చూడవచ్చు. డీపీకేజీని బలవంతపెట్టడం మాత్రం అవివేకం. దానివల్ల విరోధం కప్పబడుతుందే గాని తీరదు.

అప్పటికీ పొంతన కుదరకపోతే ఫ్లాట్‌ప్యాక్ వంటి రూపాలున్నాయి. వాటిలో ప్రోగ్రాము తనకు కావలసిన లైబ్రరీలను చాలవరకు వేరుగా తెచ్చుకొంటుంది. డిస్కులో చోటు ఎక్కువ పడుతుంది, లైబ్రరీలో దోషం బయటపడితే ప్రతి ప్రతినీ విడివిడిగా సవరించవలసి ఉంటుంది.