తాతగారి పెట్టెలో పిట్టల పుస్తకం

పాత కాగితాలు కొనేవాడు తక్కెడతో గుమ్మంలో నిలబడగానే, ముందుగా బయటికొచ్చేవి తాతల నాటి పుస్తకాలే. తూకానికి వేసేముందు ఒక్కసారి పేజీలు తిప్పి చూడండని మా మనవి.

పక్షుల పుస్తకాలు సేకరించేవారు మనదేశంలో ఆశగా వెతికే వాటిలో ఒకటి, డాక్టర్ సలీం అలీ రాసిన 'ద బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్'. 1931-32లో నిజాం సంస్థానమంతా తిరిగి పక్షుల సర్వే చేసినవారాయన. ఈ పుస్తకాన్ని 1941లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ ప్రచురించింది. తర్వాత ఎన్నో ముద్రణలొచ్చాయి కనుక పాతదల్లా తొలి ముద్రణ కాదు. పేరున్న పేజీనీ, దాని వెనుక వైపునూ చూడాలి. 1941 తర్వాతి సంవత్సరం ఉంటే అది మలిముద్రణే. అట్టమీది బొమ్మల కాగితం చెక్కుచెదరకుండా ఉంటే విలువ పెరుగుతుంది.

ఇక సంతకం సంగతి. సలీం అలీ 1987లో కన్నుమూశారు. కొత్త సంతకం రాదు, నకిలీ మాత్రం రావచ్చు. ఎవరికి, ఏ తేదీన ఇచ్చారో రాసి ఉంటే నిజానిజాలు తేల్చడం కొంత సులువు.

మేమూ ఒకసారి పొరపాటు చేశాం. పాత ప్రతి ఒకటి దొరికితే, ఎవరివో రాతలతో మాసిపోయిందని మొదటి కాగితం చించేశాం. సంతకమంటూ ఉంటే ఉండేది అక్కడే! ఆ రాతలెవరివో ఇక మాకు తెలిసే దారి లేదు.

మీరు చించకండి, టేపు అంటించకండి. తేమ తగలనివ్వకండి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకొని బొమ్మలు చూపించండి. విలువ తెలిసిన ఇంట్లో పుస్తకం తక్కెడ ఎక్కదు.