చీర వాపసు ఇవ్వాలంటే గుండె దిటవు కావాలి!
బిల్లు కట్టక ముందే ఒక్క మాట అడిగితే సగం చిక్కు తీరుతుంది

పెళ్ళి ఇంకా వారం రోజులుంది. కోనసీమలోని ఒక లంక గ్రామానికి చెందిన వ్యవసాయ కూలీ మహిళ చేతిసంచీతో రాజమహేంద్రవరం తాడితోటలో ఒక బట్టల దుకాణం ముందు నిలబడింది. సంచీలో మడత విప్పని పట్టుచీర ఉంది. కాబోయే వియ్యపురాలికి పెట్టడానికి నాలుగు రోజుల కిందట అదే దుకాణంలో రూ.4,200 పోసి కొన్న చీర అది. ఇంటికి తీసుకువెళ్ళి నలుగురికీ చూపించగా, "నల్లంచు చీర పెళ్ళిలో ఎవరైనా పెడతారా అమ్మా?" అని ఇంటి పెద్దావిడ ఒక్క మాట అన్నది. అంతటితో ఆ చీర పనికిరాకుండా పోయింది.

చీరలో లోపం లేదు. నేత చెడలేదు, రంగు దిగలేదు, చిరుగు లేదు. మారింది మనసు ఒక్కటే.

దుకాణం మెట్లెక్కడానికి ఆమెకు పావుగంట పట్టింది. లోపల డబ్బు కట్టేచోట గోడమీద 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అన్న బోర్డు కనిపించింది. కొన్న రోజున కూడా ఆ బోర్డు అక్కడే ఉంది. ఆనాడు దానివంక చూసినవారు లేరు.

"ఆవేళ పదిహేను చీరలు విప్పించుకుని మరీ తీసుకెళ్ళారు కదండీ. ఇప్పుడు బాగోలేదంటే ఎలాగమ్మా?" అన్నాడు గుమాస్తా.

"బాగోలేదని కాదు బాబూ. మా వియ్యాలవారికి నల్లంచు పడదండి" అన్నది ఆమె.

బేరానికి వచ్చిన పదిమందీ ఇటు తిరిగి చూశారు. గంటసేపు నిలబడ్డాక యజమాని వచ్చి, మడత చూసి, జాకెట్టు ముక్క చీరకే ఉన్నదని చూసుకుని, డబ్బు ఇవ్వనని, కావాలంటే మరో చీర తీసుకోమని అన్నాడు. ఆ ధరకు నచ్చిన చీర దొరకలేదు. నచ్చినది రూ.4,650 అయింది. పైన రూ.450 కట్టి ఆమె బయటపడింది. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవారికి టిక్కెట్టు లేదు కాబట్టి ఛార్జీ మిగిలింది. ఒకరోజు కూలి మాత్రం పోయింది.

ఇది ఒక్క ఇంటి సంగతి కాదు. పెళ్ళిళ్ళకూ, పండుగలకూ పట్నం పోయి బట్టలు తెచ్చుకునే పల్లె కుటుంబాలలో ఇటువంటి చిక్కు ఎదురుకాని ఇల్లు అరుదు. ఆమె కనీసం వెనక్కు వెళ్ళగలిగింది. మొహమాటంవల్ల, దూరంవల్ల, "పోనీలే" అని ఊరుకునేవారే ఎక్కువ. అలా ఊరుకున్న చీర బీరువాలో చేరి, తర్వాత ఎవరి పెళ్ళిలోనో పెట్టుబడి చీర అవుతుంది. అక్కడినుంచి మరో ఇంటికి పోతుంది. ఒక్కరూ కట్టకుండానే నాలుగిళ్ళు తిరిగి, చివరకు మొదట కొన్నవారి ఇంటికే వచ్చిన చీరలు కూడా లేకపోలేదు!

మూటవాడి రోజులు

పూర్వం పల్లెల్లో ఈ బాధ ఇంతగా ఉండేది కాదు. సైకిలుకు మూట కట్టుకుని బట్టలవాడు ఊళ్ళోకే వచ్చేవాడు. అరుగుమీద మూట విప్పితే చుట్టుపక్కల ఆడవారంతా చేరేవారు. నచ్చిన నాలుగు చీరలు ఇంట్లో ఉంచి, "మీ ఆయనగారికి చూపించుకోండి, వచ్చేవారం చెబుదురుగాని" అని వెళ్ళిపోయేవాడు. వచ్చేవారం నచ్చినదానికి డబ్బులో, ధాన్యమో తీసుకుని, నచ్చనివి మూటలో సర్దుకునేవాడు. అప్పుగా ఇచ్చి కోతల తర్వాత వసూలు చేసుకోవడం కూడా కద్దు.

బిల్లు లేదు, బోర్డు లేదు. అయినా ఆ వ్యాపారం సాగడానికి కారణం ఒక్కటే. మళ్ళీ ఆ వీధికే రావాలని అతనికి తెలుసు, మళ్ళీ అతని దగ్గరే కొనాలని వీరికి తెలుసు. పట్నం దుకాణంలో ఆ ముఖపరిచయం లేదు. అందువల్ల అక్కడ నోటిమాటకు బదులు కాగితంమీద రాత కావలసివస్తుంది. ఈ సంగతి గ్రహించకపోవడమే చాలామంది నష్టపోవడానికి కారణం.

చట్టం ఏమంటున్నది?

ఇక్కడ రెండు వేర్వేరు సంగతులను కలగాపులగం చేయడం పరిపాటి అయింది. సరుకు చెడ్డది కావడం ఒకటి. కొన్నవారి మనసు మారడం మరొకటి.

మొదటిదానికి చట్టం అండ ఉంది. మన దేశంలో వినియోగదారుల రక్షణ చట్టం 1986లో వచ్చింది. దానికి రాష్ట్రపతి ఆమోదం లభించిన డిసెంబరు 24వ తేదీనే ఏటా జాతీయ వినియోగదారుల దినంగా జరుపుతున్నారు. దాని స్థానంలో 2019లో చేసిన కొత్త చట్టం 2020 జూలై 20 నుంచి అమలులోకి వచ్చింది. లోపమున్న సరుకును వెనక్కు తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వడానికి దుకాణదారు నిరాకరిస్తే అది అనుచిత వ్యాపార పద్ధతి అవుతుందని ఈ చట్టం చెబుతున్నది. బిల్లుమీద గడువు రాసి ఉంటే ఆ గడువులోగా, ఏమీ రాయకపోతే 30 రోజులలోగా ఆ పని జరగాలి. కొన్నవారికి బిల్లు ఇవ్వకపోవడం కూడా ఈ చట్టం ప్రకారం తప్పే.

చీర విప్పగానే లోపల నేత తెగి ఉండటం, పట్టు అని చెప్పి మరొకటి అంటగట్టడం, పోదన్న రంగు మొదటి ఉతుకులోనే దిగిపోవడం వంటివి ఈ కోవలోకి వస్తాయి. ఇటువంటి సందర్భాలలో గోడమీది బోర్డును చూపించి తప్పుకోవడం కుదరదు. 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని బిల్లులమీద అచ్చువేయడం అనుచిత పద్ధతేనని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 1999లోనే రాష్ట్ర ప్రభుత్వాలకు తెలియజేసింది.

రెండోదాని సంగతి వేరు. రంగు నచ్చలేదనీ, అత్తగారు వద్దన్నారనీ, పక్క దుకాణంలో వంద రూపాయలు తక్కువకు దొరికిందనీ తీసుకువెళితే వెనక్కు తీసుకోవాలన్న నిర్బంధం దుకాణదారుకు లేదు. తీసుకుంటే అది అతని మర్యాద, అతని వ్యాపార పద్ధతి. అయితే 'ఇన్ని రోజుల్లో తెస్తే మార్చి ఇస్తాం' అని బిల్లుమీద రాసినా, బోర్డు పెట్టినా ఆ మాట నిలబెట్టుకోవలసిందే.

పై సంఘటనలోని మహిళకు హక్కుగా రావలసినది ఏమీ లేదు. ఆమెకు దక్కినది యజమాని మంచితనం. అది కూడా జాకెట్టు ముక్క కోయకుండా ఉంచినందువల్ల దక్కింది.

దుకాణదారుల గోడు

వ్యాపారుల మాట కూడా వినవలసి ఉంది. తానులోంచి రెండున్నర మీటర్లు కోసిన గుడ్డను మరొకరికి అమ్మడం కష్టం. ఇంకొకరికి మూడు మీటర్లు కావాలంటే అది తుండుగుడ్డ కిందే లెక్క. చీరకు ఫాల్ కుట్టినా, కొంగుకు కుచ్చులు వేసినా, జాకెట్టు ముక్క కత్తిరించినా అది కొత్త చీర కాదు. పేరంటానికి ఒకపూట కట్టి, మడత పెట్టి, పసుపు వాసనతో, చెమట మరకతో తెచ్చేవారు కూడా ఉన్నారు. అటువంటి ఒకరివల్ల నిజాయితీగా వచ్చిన పదిమందికీ మర్యాద దక్కకుండా పోతున్నది.

సంక్రాంతి సరుకు సంక్రాంతికే అమ్ముడుపోవాలి. పండుగ దాటాక వెనక్కు వచ్చిన బట్ట బీరువాలో నిలిచిపోతుంది. సూరత్ వంటి దూరప్రాంతాల నుంచి తెప్పించిన సరుకును చిన్న వ్యాపారి తిరిగి పంపడం అంత తేలిక కాదు. ఆషాఢం తగ్గింపు ధరల్లో అమ్మినవాటిని వాపసు తీసుకోకపోవడానికి కారణం కూడా ఇదే. ఉదయం బోణీ కాకముందు, సాయంత్రం దీపాలు పెట్టేవేళ వాపసు సరుకు తెస్తే ముఖం చిట్లించే ఆనవాయితీ చాలా దుకాణాలలో ఉంది. చట్టంలో లేకపోయినా ఈ పట్టింపు తెలిసినవారు పదకొండు గంటలు దాటాక వెళ్ళి పని చక్కబెట్టుకుంటారు.

చేనేత చీరల సంగతి మరో విధం. బండారులంక వంటి చోట్ల మగ్గం ఉన్న ఇంటనే కొనేటప్పుడు నూలులో చిన్న ముడి, రంగులో కొద్ది తేడా కనిపిస్తే దానిని లోపంగా ఎంచరాదు. అది చేతితో నేసినదానికి గుర్తు. రోజుల తరబడి నేసిన చీరను మనసు మారిందని తిప్పి పంపితే నష్టపోయేది మగ్గంమీద కూర్చున్నవాడే. అందువల్ల అక్కడ కొనేముందే నిదానంగా చూసుకోవడం న్యాయం.

కొనేముందు, కొన్న తర్వాత

డబ్బు కట్టకముందు అడగవలసిన ప్రశ్నలు మూడు. నచ్చకపోతే మార్చి ఇస్తారా? ఎన్ని రోజుల్లో తేవాలి? డబ్బు ఇస్తారా, చీటీ ఇస్తారా, వేరే బట్టే తీసుకోవాలా? జవాబును బిల్లు వెనుక రాయించుకుని సంతకమో, ముద్రో వేయించుకోవడం అవసరం. డబ్బుకు బదులు చీటీ ఇచ్చేచోట ఆ చీటీ గడువు కూడా చూసుకోవాలి. గడువు దాటిన చీటీ చిత్తు కాగితంతో సమానం.

ఇంటికి వచ్చాక బట్ట చూపవలసిన వారందరికీ ఆ రోజో, మర్నాడో చూపించాలి. వారు సరేననేవరకు దర్జీ ఇంటికి పంపరాదు. కత్తెర పడ్డాక చేయగలిగింది లేదు. రెడీమేడ్ బట్టలకు ఉన్న ధర చీటీ, కంపెనీ గుర్తు తెంచకూడదు. పిల్లలకు "ఎదుగుతాడులే" అని పెద్ద సైజు కొని, తర్వాత మరీ వదులైందని వెళ్ళేవారికి బిల్లూ ధర చీటీ ఉంటే సాధారణంగా సైజు మార్చి ఇస్తారు. డబ్బు వాపసుకన్నా ఇది తేలిక.

ఇప్పుడు ఊళ్ళలో ఫోనులో బొమ్మ చూసి తెప్పించుకోవడం కూడా మామూలైంది. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నియమాల ప్రకారం వాపసు, మార్పిడి షరతులను ముందుగానే కనిపించేలా చెప్పాలి. లోపమున్నా, చూపినది ఒకటీ పంపినది ఒకటీ అయినా, చెప్పిన గడువు దాటి తెచ్చినా వెనక్కు తీసుకోబోమనడానికి వీలులేదు. పొట్లం విప్పేటప్పుడు ఫోనుతో వీడియో తీసి ఉంచుకుంటే తర్వాత వాదం ఉండదు.

లోపమున్న సరుకు తీసుకోవడానికి దుకాణదారు ససేమిరా అంటే 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. ఈ జాతీయ సహాయ కేంద్రంలో తెలుగులో మాట్లాడవచ్చు. అప్పటికీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. రూ.5 లక్షల లోపు ఖరీదుకు రుసుము లేదు. వకీలు లేకపోయినా సొంతంగా ఫిర్యాదు చేసుకోవచ్చు. కొన్నది పట్నంలోనైనా తాము నివసించే జిల్లాలోనే దాఖలు చేయవచ్చు. గడువు రెండేళ్ళు. అయితే బిల్లు లేకుండా ఎక్కడికి వెళ్ళినా మాట నిలవడం కష్టం.

అడగనిదే అమ్మయినా పెట్టదని సామెత. పల్లెవారు బేరమాడటానికి మొహమాటపడరు. వంద రూపాయల తగ్గింపుకోసం అరగంట వాదిస్తారు. "నచ్చకపోతే మారుస్తారా?" అన్న చిన్న ప్రశ్న దగ్గరే నోరు పెగలదు.

లంక గ్రామం నుంచి వచ్చిన ఆ మహిళ రెండు రోజుల తర్వాత పెళ్ళికొడుకు బట్టలకోసం మళ్ళీ పట్నం వచ్చింది. ఈసారి చొక్కా గుడ్డ కొలవకముందే, "అబ్బాయికి నచ్చకపోతే ఏంటండీ సంగతి?" అని అడిగింది. కోసిన గుడ్డ తీసుకోమని, కుట్టిన చొక్కా అయితే వారంలోగా మార్చి ఇస్తామని గుమాస్తా చెప్పాడు. ఆమె కుట్టిన చొక్కాయే తీసుకుని, ఆ మాట బిల్లు వెనుక రాయించుకుని, దాన్ని కొంగున ముడివేసుకుని బస్సెక్కింది.