కొంగ బొమ్మ సైకిలు

అమ్మమ్మగారిల్లు అమ్మేసినప్పుడు పంపకాల్లో మామయ్యలిద్దరూ ఇత్తడి గంగాళం దగ్గర కాసేపు మాటా మాటా అనుకున్నారు గానీ, కొట్టంలో తాటాకుల కింద పడున్న తాతయ్య సైకిలు జోలికి ఎవరూ పోలేదు. "పాత ఇనప సామాన్లవాడికి వేసేద్దాం" అన్నాడు చిన్న మామయ్య. "నేను పట్టుకుపోతా" అన్నాను. మావారు నావైపు చూసిన చూపు ఇంకా గుర్తే. తెనాలిలో మాది రెండు గదుల వాటా. అంత పొడుగు రాలీ సైకిలు ఎక్కడ పెడతానని ఆయన బాధ!

తాతయ్య రేపల్లె దగ్గర పల్లెలో బడిపంతులు. 1954లో మద్రాసులో కొన్నారట. ఇంగ్లండులో నాటింగ్‌హామ్‌లో తయారైన బండి. హ్యాండిలు కింద బిళ్ళ మీద కొంగ తల. పెడల్ దగ్గర పళ్ళచక్రంలోనూ మూడు కొంగ తలలు. చిన్నప్పుడు సెలవులకెళ్తే పెడలు వెనక్కి తిప్పుతూ ఆ కొంగలు గిర్రున తిరుగుతుంటే చూస్తూ కూర్చునేదాన్ని.

మొదటి తప్పు నేనే చేశాను. అంట్లు తోమే పీచు, సబ్బుపొడి పట్టుకుని ఉత్సాహంగా రుద్దాను. దుమ్ముతోపాటు నల్లరంగు మీద బంగారు గీత సగం ఊడొచ్చింది! మెత్తటి గుడ్డ, కాస్త నూనె సరిపోయేవట. మొత్తం కొత్త రంగేయిద్దామన్న ఆలోచన ఆ దెబ్బతో మానుకున్నాను. రంగు ఎప్పుడైనా వేయించొచ్చు, తాతయ్య చూసిన రంగు మళ్ళీ రాదుగా. హ్యాండిలు మీది తుప్పుకి మాత్రం వంటింటి సరుకే పనికొచ్చింది. చపాతీలు చుట్టే అల్యూమినియం కాగితం ఉండచేసి, నీళ్ళలో ముంచి రుద్దితే మెరుపు తేలింది.

తర్వాత బజార్లో ఒక షాపుకి తీసుకెళ్ళాను. పెడలుండే ఇనప చెయ్యిని ఇరుసుకి బిగించే కాటర్ పిన్ను ఊడకపోతే, ఆ కుర్రాడు సుత్తితో నాలుగు బాదాడు. పిన్ను తల పుట్టగొడుగులా విచ్చుకుంది. పైగా వాడమ్మిన టైరు రిమ్ముకెక్కలేదు. మీరెవరైనా పాత సైకిలు బాగుచేయిస్తుంటే ఇదొకటి గుర్తుపెట్టుకోండి. టైరు మీద 28 అని ఉంటే చాలదు. రాడ్ బ్రేకుల పెద్ద సైకిలుకైతే పక్కన సన్నటి అంకెల్లో 635 ఉండాలి. 622 ఉన్నదాన్నీ 28 అనే అంటారు. పదమూడు మిల్లీమీటర్ల తేడాకి నా డబ్బులు పోయాయి.

చివరికి ఒక ముసలి మేస్త్రిగారి ఆచూకీ దొరికింది. షాపు ఎప్పుడో మూసేసి ఇంటి వసారాలో కూర్చుంటున్నారు. పిన్నుకి మూడు రోజులు నూనె పట్టించి, లేతు మీద చేయించుకున్న సొంత బిగింపు ఒకటి తగిలించి మర తిప్పారు. టక్కుమని ఊడొచ్చింది. సుత్తి ముట్టుకోలేదు.

రిమ్ములు తుప్పు తినేశాయి. ముందు చక్రం విప్పుతూ ఆయన ఆగారు. "ఇదొకసారి దెబ్బతింది తల్లీ. ఈ మూడు స్పోకులు కంపెనీవి కావు, కాస్త లావు. తర్వాతెవరో వేశారు."

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. చిక్కుడుకాయలు తుంచుతున్న చెయ్యి ఆగింది. "అది నా పనేనే" అంది.

1968లో అమ్మకి పదేళ్ళు. తాతయ్య మధ్యాహ్నం కునుకు తీసే వేళ, బారు కిందనుంచి కాలు దూర్చి తనకు తనే నేర్చుకుందట. ఓ రోజు కాలవగట్టు మీద తుమ్మచెట్టుకి కొట్టేసింది. మోకాలు చిట్లింది. తాతయ్య కొట్టలేదు, తిట్టలేదు. మర్నాడు రేపల్లెలో చక్రం బాగుచేయించుకొచ్చి, సైకిలుకి తాళం వేసి, చెవి మొలతాడుకి కట్టుకున్నారు. తర్వాత మామయ్యలిద్దరికీ దానిమీదే దగ్గరుండి నేర్పారు.

"ఇన్నేళ్ళూ మాకెందుకు చెప్పలేదమ్మా?"

"ఎవరైనా అడిగితేగా?" అని మళ్ళీ చిక్కుడుకాయలందుకుంది.

తమిళనాడు పుదుక్కోట్టైలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంతోపాటు వేలమంది ఆడవాళ్ళు సైకిలు నేర్చారు. లేడీస్ సైకిళ్ళు చాలక మగవాళ్ళ సైకిళ్ళే తొక్కారు. బారు మీద పిల్లల్ని కూర్చోబెట్టుకోవచ్చని కొందరికి అవే నచ్చాయట. మా అమ్మకి ఆ బారు కిందే ఆఖరైపోయింది.

ఆ తర్వాత నేనూ రోజూ మేస్త్రిగారి వసారాలో కూర్చున్నాను. రిమ్ములు కొత్తవి తెచ్చాం. రాడ్ బ్రేకుల రబ్బర్లు రిమ్ము పక్కల్ని కాదు, లోపలి వైపుని పట్టుకుంటాయి గనుక ఆ రకమే కావాలి. ముందు చక్రానికి 32 స్పోకులు, వెనక 40. మనిషి బరువంతా వెనకే కదా. హబ్బు నుంచి ఒకటి ఇటు, ఒకటి అటు, బుట్ట అల్లినట్టు దాటించుకుంటూ పోయారు. అల్లిక గంటలో అయిపోయింది. వంకర తీయడానికి రెండు పూటలు పట్టింది. ఫోర్కు పక్కన సుద్దముక్క ఆనించి చక్రం తిప్పితే వంగినచోట గీత పడుతుంది. కుడికి వంగితే ఎడమ స్పోకులు కాస్త బిగించాలి, కుడివి కాస్త వదలాలి. కాస్తంటే పావు చుట్టు. నాకు కీ ఇచ్చారు గానీ, ఏ వైపు తిప్పితే బిగుస్తుందో చక్రం పైన ఒకలా, కింద ఒకలా కనబడి తికమకపడ్డాను. "కళ్ళతో కాదు, వినమ్మా" అని స్పోకుల్ని వేలితో మీటారు. ఒకే వైపువన్నీ దాదాపు ఒకే శ్రుతి పలకాలట. ఒకటి డొల్లగా మోగింది. నేను బిగించిందే!

పాత స్పోకులు మూడూ అమ్మ అడిగి తీసుకుని ఊలు సూదుల పక్కన దాచుకుంది.

కిందటి ఆదివారం సైకిలు ఇంటికొచ్చింది. బంగారు గీత సగమే ఉంది, ఉండనీ. అమ్మ చుట్టూ తిరిగి చూసింది, బెల్లు మోగించింది. "సీటు ఇంకాస్త దించమనవే" అంది.

"ఇంతకన్నా దిగదమ్మా" అన్నారు మేస్త్రిగారు.

అమ్మ చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుంది. "అయితే అరుగు పక్కకి తెచ్చి పట్టుకో, అక్కణ్ణుంచి ఎక్కుతా" అంది నాతో.